కూలి, కూలివాడు, కూలీ

తెలుగులో ‘కూలి’ ప్రధానంగా మనిషి పేరు కాదు, పనికి దక్కే ప్రతిఫలం పేరు. దినకూలి, కుట్టుకూలి, కూలికి పోవడం వంటి వాడుకలన్నిటా అర్థం ఇదే. పనిచేసేవారిని చెప్పాలంటే కూలివాడు, కూలిమనిషి అని మరో మాట చేర్చాలి. తమిళ, కన్నడ, మలయాళ, తుళు భాషల్లోనూ ఈ పదానికి వేతనమనే అర్థం ఉంది. తిరుక్కురళ్ 619వ పద్యంలో ఇది దేహశ్రమకు దక్కే ఫలమనే అర్థంలో కనిపిస్తుంది.

ఐరోపా భాషల్లోని ‘కూలీ’కి మూలం ఈ ద్రావిడ పదమేనా అన్నది వివాదాంశం. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు పశ్చిమ భారతంలోని కోలీ జాతినామానికి ప్రాధాన్యమిచ్చి, తమిళ ‘కూలి’ దానితో కలిసిపోయి ఉండవచ్చునన్నది. సేవకుడు, బానిస అనే అర్థాలున్న తురుష్క పదం ‘కుల్’ మరో ప్రతిపాదన. గోలకొండ సుల్తానుల పేర్లలోని ‘కులీ’ ఈ పదానికి చెందినదే. చైనీయులు ‘కూలీ’ని కష్టం, బలం అనే అర్థాలున్న రెండు అక్షరాలతో రాస్తారు. చూడడానికి అది దేశ్యపదంలా ఉన్నా, నిజానికి విదేశీ ధ్వనికి అర్థవంతంగా కూర్చిన రూపం.

వ్యుత్పత్తి ఏదైనా, ఈ మాటను ఖండాంతరాలకు చేర్చినది ఒప్పంద కార్మిక విధానం. 1834 నుంచి మారిషస్‌కూ, 1860 నవంబరు 16న దర్బన్ చేరిన ట్రూరో నౌకతో మొదలై నేటాల్‌కూ భారతీయ కార్మికులు తరలివెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ ‘కూలీ’ వృత్తినామంగా ఆగలేదు. వ్యాపారికీ, విద్యావంతుడికీ అంటగట్టే జాతినామమైంది. 1893లో దక్షిణాఫ్రికా చేరిన గాంధీని సైతం ‘కూలీ బారిస్టర్’ అన్నారు. తెలుగులో కూలి పుచ్చుకున్నవాడు సాయంత్రానికి ఇంటికి వెళ్లే మనిషి. నేటాల్‌లో కూలీ అనిపించుకున్నవాడు చెరకుతోట విడిచినా కూలీయే. శ్రమకు రావలసిన విలువను సూచించే మాట, శ్రమించేవాడి విలువను తగ్గించే మాటగా మారింది.

దక్షిణాఫ్రికాలో అది నేటికీ తిట్టే. పోర్ట్ లూయీలో వలస కార్మికులు దిగిన ‘కూలీ ఘాట్’ను ఆప్రవాసీ ఘాట్‌గా మార్చారు, 2006లో దానికి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు లభించింది. అదే మారిషస్‌కు చెందిన కవి ఖాల్ తొరాబుల్లీ మాత్రం 1992లో ‘కూలిట్యూడ్’ అనే భావనను ప్రతిపాదించి, ఆ పేరునే సముద్రాలు దాటినవారి ఉమ్మడి స్మృతికి గుర్తుగా నిలిపారు. ఒకరు చెరిపివేసిన పేరునే మరొకరు చేపట్టినా, ఇరువురూ కోరినది పూర్వులకు చెల్లవలసిన గౌరవమే.