అమ్ముగూడ నుంచి జకార్తా దాకా..

పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడ్డ మనవాళ్ల ముచ్చట్లు ఈ పేజీకి కొత్త కాదు. తుళసీదాస్ బలరాంది మాత్రం తిరగేసిన కథ. తమిళ కుటుంబం. పుట్టింది 1936లో, సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో. పేరొచ్చింది కలకత్తాలో. సంతోష్ ట్రోఫీలో ముందు హైదరాబాద్‌కు ఆడారు, తర్వాత బెంగాల్‌కు.

ఆయన్ని వెలికితీసింది హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. కుర్రాడికి ఇరవై ఏళ్లు నిండాయో లేదో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు! మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఎడమవైపు అంచున నిలబెట్టినా, కాస్త లోపలికి జరిపినా ఆయనకు ఒకటే. గోల్ కొట్టడమే కాదు, పక్కవాడికి బంతి అందించడంలోనూ దిట్ట.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూపు మామూలుది కాదు.. హంగరీ, ఫ్రాన్స్, పెరూ! హంగరీ చేతిలో 1-2తో ఓడాం. ఆ ఒక్క గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూపై 1-3 ఓటమి, అక్కడా మన గోల్ ఆయనదే. ఇంటిదారి పట్టినా తలదించుకోవాల్సిన పనేం లేదు. ఆ హంగరీ చివరికి కాంస్యం గెలుచుకుంది మరి.

అసలు పండగ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో దెబ్బకొట్టింది. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను దాటుకుని మనవాళ్లు ఫైనల్‌కొచ్చారు. ఎదురుగా మళ్లీ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వనందుకు భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో స్థానికులు మనపై మండిపడుతున్నారు. స్టేడియమంతా గేలి! ఆ గోలలోనే సెప్టెంబర్ 4న పీకే బెనర్జీ, జర్నైల్‌సింగ్ చెరో గోల్ కొట్టి 2-1తో స్వర్ణం తెచ్చారు. బలరాంతో పాటు యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్.. హైదరాబాద్ గడ్డ మీద ఆట నేర్చినవాళ్లు ఆ జట్టులో ఎందరో.

మరుసటి ఏడాదే బలరాం ఆట ఆగిపోయింది. ఊపిరితిత్తుల జబ్బు. అప్పటికి ముప్పై కూడా రాలేదు. అదే ఏడాది రహీం కన్నుమూశారు.

పీకే, చునీ గోస్వామి, బలరాం.. ఈ ముగ్గురినీ కలిపే చెప్పుకునేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు 1962లో వచ్చిన అర్జున అవార్డే మిగిలింది. ఆయన కోసం గట్టిగా అడిగే రాష్ట్రమంటూ లేకపోవడమూ ఓ కారణమేమో అనిపిస్తుంది.

పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా ఉండేవారు. 2020లో పీకే, చునీ నెల తేడాతో పోయారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతా ఆస్పత్రిలో బలరాం వెళ్లిపోయారు.