ఎరువు కుప్ప దుమ్ము: ఇంట్లో కీమో, స్టెరాయిడ్స్ వాడేవాళ్లుంటే ఈ జాగ్రత్తలు తీసుకోండి

పై వీడియోలో కంపోస్టు కుప్ప తిరగేస్తుంటే పొగలాగా లేచింది చూశారు కదా, అది ఒట్టి మట్టి దుమ్ము కాదండి. అందులో బూజు బీజాలు ఉంటాయి.

వాటిలో ముఖ్యమైనది ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే ఫంగస్. చెత్తను కుళ్లబెట్టి ఎరువుగా మార్చేవాటిలో ఇదీ ఒకటి. కుప్ప లోపల 50 డిగ్రీల వేడిలో కూడా పెరుగుతుంది. బీజం సైజు 2-3 మైక్రాన్లే కాబట్టి ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. మనమందరం రోజూ వీటిని పీలుస్తూనే ఉంటాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో తెల్ల రక్తకణాలు వాటిని అక్కడే చంపేస్తాయి.

మరి ఎవరికి ప్రమాదం?

బ్లడ్ క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్నవాళ్లకు, కిడ్నీ లేదా ఎముక మజ్జ మార్పిడి జరిగినవాళ్లకు, ఎక్కువ మోతాదులో చాలాకాలం స్టెరాయిడ్స్ వాడేవాళ్లకు. వీళ్లలో ఆ బీజం మొలకెత్తి ఊపిరితిత్తుల్లో, రక్తనాళాల్లో వేళ్లు పాతుకుంటుంది. షుగర్ అదుపులో లేనివాళ్లకు మ్యూకర్ అనే ఇంకో రకం బూజుతో ప్రమాదం. 2021లో బ్లాక్ ఫంగస్ అని అందరం విన్నది దాని గురించే.

ఏం చేయాలి?

- కుప్ప తిరగేయడం, బూజు పట్టిన గడ్డి దులపడం వాళ్లతో చేయించొద్దు. దగ్గర్లో నిలబడనివ్వొద్దు.
- కుప్పను ఇంటికి దూరంగా వేయండి.
- తిరగేసే ముందు నీళ్లు చల్లండి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి.
- తువ్వాలు చుట్టుకుంటే ఇంత సన్నని బీజాలు ఆగవు. ఎన్95 మాస్కు పెట్టుకోండి.

గుర్తుపట్టడం ఎలా?

యాంటీబయాటిక్స్ వాడినా తగ్గని జ్వరం, దగ్గు, ఛాతీలో నొప్పి, ఆయాసం, కఫంలో రక్తం. చూడటానికి టీబీలాగే ఉంటుంది. అందుకే ఎరువు పని, గడ్డి పని గురించి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. సీటీ స్కాన్, కొన్ని పరీక్షలతో తేలుతుంది. వోరికోనజోల్ లాంటి మందులున్నాయి. కషాయం తాగితే, ఆవిరి పడితే తగ్గుతుందిలే అని రోజులు గడపొద్దు. స్టెరాయిడ్స్ సొంతంగా ఆపేయొద్దు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు, కాబట్టి మనిషిని దూరం పెట్టాల్సిన పనిలేదు.

ఇంకో మాట. పొలాల్లో కొట్టే టెబుకోనజోల్, ప్రోపికోనజోల్ కూడా వోరికోనజోల్ కుటుంబానివే. వీటికి తట్టుకోవడం నేర్చిన ఫంగస్ మనిషికి సోకితే ఆసుపత్రి మందు కూడా సరిగా పనిచేయదు. నెదర్లాండ్స్‌లో ఇలాంటి ఫంగస్ దొరికింది, మన దేశంలోనూ దొరికింది.

కంపోస్టు మానేయమని కాదు. సహజమైనదంతా అందరికీ హాని లేనిది కాదని గుర్తుంచుకుంటే చాలు. మీ ఊళ్లో ఇలాంటి మందులు వాడేవాళ్లుంటే ఈ వీడియో వాళ్ల ఇంట్లోవాళ్లకు చూపించండి.