మరియమాత దర్శనాల గురించి ఏ పుస్తకాలు చదవాలి? ఏవి పక్కన పెట్టాలి?

ఈ ఎపిసోడ్ కొండగట్టు దగ్గర మా ఇంట్లోనే కూర్చుని రికార్డు చేస్తున్నాను. మధ్యమధ్యలో ఆటోల చప్పుడు, గట్టు మీదికి పోయే భక్తుల మాటలు వినిపిస్తాయి, ఏమనుకోకండి.

చాలా రోజులుగా మనవాళ్లు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "లూర్దు, ఫాతిమా గురించి ఏదైనా మంచి పుస్తకం చెప్పండి, ఏది నమ్మాలో తెలుస్త లేదు" అని. ఈ రోజు అదే మాట్లాడుకుందాం. కానీ పుస్తకాల కంటే ముందు, నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

రెండేళ్ల కింద నా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. పైన ఫాతిమా మాత బొమ్మ, వెనక ఉరుముల చప్పుడు. పేరు "ఫాతిమా మూడో రహస్యం". నేను మొదటి నిమిషం చూసి, మాత గురించే కదా అని అమ్మకు పంపించాను. పూర్తిగా చూడలేదు. అమ్మ మాత్రం పూర్తిగా చూసింది. మూడు రోజులు లోకమంతా చీకటి కమ్ముతుందట. తలుపులు, కిటికీలు మూసుకోవాలట. బయట ఎవరు పిలిచినా తీయొద్దట. ఆశీర్వదించిన కొవ్వొత్తులే వెలుగుతాయట, బయట ఉన్నవాళ్లు చచ్చిపోతారట.

వారం తర్వాత చూస్తే అమ్మ పెట్టెలో పన్నెండు కొవ్వొత్తులు ఉన్నాయి. రాత్రిళ్లు నిద్ర లేదు. ఏమైందంటే ఏడ్చింది. "మరి చిన్నోడు ఎట్ల బిడ్డా? వాడు దుబాయిల రూంల ఎనిమిది మందితోని ఉంటడు. అండ్ల మనోళ్లు ఒక్కలు లేరు. వానికి కొవ్వొత్తి ఎవలు ముట్టిస్తరు?" అంది.

మా జగిత్యాల, కరీంనగర్ వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఆ మాట ఎంత బరువైందో మీకు చెప్పనక్కర్లేదు. మరియమాత పేరు మీద ఒక తల్లికి నిద్ర లేకుండా చేసింది నేనే. అప్పటిదాకా నేను ఫాతిమా గురించి ఒక్క పుస్తకం కూడా చదవలేదు. మన వరంగల్ మేత్రాసనపు కతెడ్రల్ ఫాతిమా మాత పేరు మీదే ఉంది, అది ఉన్న కాజీపేట పేటకే ఫాతిమానగర్ అని పేరు. పేరు అంత దగ్గర, జరిగిన సంగతి మాత్రం తెలియదు. అందుకే చదవడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం జపమాల అయ్యాక అమ్మకు తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు చెప్పబోయే పుస్తకాలు అలా మా ఇంట్లోకి వచ్చినవే.

ముందు ఒక విషయం స్పష్టంగా ఉండాలి. దర్శనాల గురించి శ్రీసభ ఏం చెబుతుంది? కతోలిక శ్రీసభ సత్యోపదేశం 67వ సంఖ్య తీసి చూడండి. ఇలాంటివాటిని "వ్యక్తిగత ప్రకటనలు" అంటారు. క్రీస్తులో దేవుడు చెప్పిన దానికి అవి కొత్తగా ఏమీ కలపవు. ఒక కాలంలో ఆ మాటను ఇంకా బాగా జీవించడానికి తోడ్పడతాయి, అంతే. శ్రీసభ ఆమోదించిన దర్శనాన్ని కూడా సువార్తను నమ్మినట్టు నమ్మి తీరాలన్న నియమం లేదు. కాబట్టి ఎవరైనా "ఈ సందేశం నమ్మకపోతే నరకమే" అంటే, ఆ మాట శ్రీసభది కాదు.

ఇక పరీక్ష సంగతి. 2024 మే 17న వాటికన్ కొత్త నియమావళి ఇచ్చింది. ఇప్పుడు బిషప్ గారు విచారణ జరిపి, వాటికన్‌తో మాట్లాడి, ఆరు రకాల నిర్ణయాల్లో ఒకటి ప్రకటిస్తారు. అన్నిటికంటే అనుకూలమైన నిర్ణయం కూడా "అభ్యంతరం లేదు" అన్నంత వరకే. "ఇది తప్పకుండా దైవికమే" అని ప్రకటించడం ఇక మామూలుగా ఉండదు. తల్లి లాంటి శ్రీసభే ఇంత నిదానంగా అడుగు వేస్తుంటే, మనం ఫోన్‌లో ఒక్క వేలితో ఊరంతా పంచుతున్నాం.

సరే, పుస్తకాలు.

మొదటిది బైబులే. నవ్వకండి. లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలు, యోహాను సువార్త రెండో అధ్యాయం, పంతొమ్మిదో అధ్యాయం చదవండి. కానా పెళ్లిలో ఆమె సేవకులను తన కొడుకు మాట వినమని చెప్పి పక్కకు తప్పుకుంటుంది. మరియమాత తీరు అది. దర్శనాల్లో వినిపించే గొంతు ఈ గొంతుతో కలుస్తుందా లేదా అని చూడాలంటే, ముందు ఈ గొంతు మనకు అలవాటు కావాలి. తెలుగులో వివరణ కావాలంటే ఫాదర్ పూదోట జోజయ్య గారి బైబులు భాష్య సంపుటాలు ఉన్నాయి. భాష తేలిక, ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించవచ్చు.

రెండోది లూర్దు గురించి. ఇదిగో, స్క్రీన్ మీద చూపిస్తున్నాను. ఫాదర్ రెనె లోరాంతె రాసిన బెర్నదెత్ జీవితం, ఇంగ్లీషులో "బెర్నదెత్ ఆఫ్ లూర్డ్స్". ఈయన ఫ్రెంచి గురువు, చరిత్రకారుడు. లూర్దుకు సంబంధించిన అసలు పత్రాలను, ఆనాటి సాక్షుల మాటలను సంపుటాలుగా అచ్చు వేశారు. ఆ పత్రాల ఆధారంగానే ఈ చిన్న జీవితం రాశారు.

1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్‌కు 14 ఏళ్లు. పేదింటి పిల్ల, చదువు రాదు, ఉబ్బసం. కట్టెలకు పోయి గుహ దగ్గర ఒక రూపాన్ని చూసింది. ఇంటికి వచ్చి "మరియమ్మ కనిపించింది" అని చెప్పలేదు. వాళ్ల ఊరి యాసలో "అకెరో" అంది, అంటే "అది" అని. చూసినదానికి తనంతట తాను పేరు పెట్టలేదు. జూలై 16 వరకు మొత్తం 18 సార్లు చూసింది. విచారణ గురువు ఫాదర్ పెయ్రమాల్ కూడా వెంటనే ఒప్పుకోలేదు, పేరు అడిగి రమ్మన్నారు. మార్చి 25న ఆమె "అమలోద్భవి" అన్న పేరు తెచ్చింది. అర్థం తెలియక దారి పొడుగునా మర్చిపోకుండా పలుక్కుంటూ వచ్చింది. బిషప్ లోరాన్స్ గారు ఆమోదం చెప్పింది 1862 జనవరి 18న. అంటే దాదాపు నాలుగేళ్లు ఆగారు.

ఈ పుస్తకంలో నన్ను ఆపిన విషయం ఇంకొకటి. ఊట తవ్వింది బెర్నదెత్, కానీ ఆమె రోగం మాత్రం పోలేదు. ఉబ్బసంతో, మోకాలి ఎముక క్షయతో బాధపడి 1879లో 35 ఏళ్లకే చనిపోయింది. లూర్దులో వైద్యుల కార్యాలయం ఒకటి 1883 నుంచి పనిచేస్తోంది. వేల మంది స్వస్థత పొందామని చెప్పుకున్నా, శ్రీసభ అద్భుతాలుగా ప్రకటించినవి 70 పైచిలుకు మాత్రమే. కాబట్టి లూర్దు నీళ్లు భక్తితో తాగండి, బీపీ గోలీ, షుగర్ గోలీ మాత్రం ఆపకండి. దయచేసి.

ఇక్కడే గుణదల గురించి ఒక మాట. "గుణదలలో మాత ఎవరికి కనిపించింది?" అని మా పక్కింటావిడ నన్నడిగింది. అక్కడ దర్శనం ఏమీ జరగలేదు. 1924లో ఫాదర్ ఆర్లాటి గారు లూర్దుమాత స్వరూపాన్ని అక్కడ ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 11న లక్షల మంది వస్తున్నారు. దర్శనం లేకపోయినా ప్రార్థన ఉంది, అది చాలు.

నవల ఇష్టమైతే మూడో పుస్తకం ఫ్రాంజ్ వెర్ఫెల్ రాసిన "ద సాంగ్ ఆఫ్ బెర్నదెత్". రాసినాయన కతోలికుడు కాదు, యూదుడు. 1940లో నాజీల నుంచి పారిపోతూ లూర్దులో తలదాచుకున్నాడు. అమెరికా చేరితే బెర్నదెత్ కథ రాస్తానని మొక్కుకున్నాడు, 1941లో ఆ మొక్కు తీర్చుకున్నాడు. 1943లో సినిమా కూడా వచ్చింది. కానీ ఇది నవల. కొన్ని పాత్రలు, సంభాషణలు కల్పించినవి. లోరాంతె పుస్తకం ముందు చదివి, ఇది తర్వాత చదవండి.

నాలుగోది మా అమ్మ పుస్తకం. సిస్టర్ లూసియా జ్ఞాపకాలు, ఇంగ్లీషులో "ఫాతిమా ఇన్ లూసియాస్ ఓన్ వర్డ్స్". 1917 మే 13న ఫాతిమాలో లూసియాకు పదేళ్లు, ఆమె మేనత్త పిల్లలైన ఫ్రాన్సిస్కోకు తొమ్మిది నిండబోతున్నాయి, జసింతకు ఏడు. ముగ్గురూ గొర్లు కాస్తున్నారు. మా కొండగట్టు స్థలపురాణంలో కూడా అంజన్న కలలో కనిపించింది సింగం సంజీవుడనే పశుల కాపరికే అంటారు. రెండు విశ్వాసాలు ఒకటని కాదు నేననేది. కానీ ఈ ఊళ్లో పుట్టిన నాకు, దేవుడు కాపరులతో ఎందుకు మాట్లాడతాడని ఎవరూ వివరించనక్కర్లేదు. బేత్లెహేములో కూడా మొదట కబురు అందింది కాపరులకే కదా.

లూసియా తల్లి కూతురిని నమ్మలేదు. అబద్ధమాడుతోందని కొట్టింది, ఒప్పుకోమని ఫాదర్ దగ్గరికి తీసుకుపోయింది. ఇది విన్నప్పుడు అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. "తల్లంటే గట్లనే ఉంటది మరి" అంది.

అయితే దాచకుండా చెబుతాను, ఈ పుస్తకంలో భయపెట్టే భాగం లేదని కాదు. పిల్లలు నరకాన్ని చూసిన సంగతి లూసియా రాశారు. అమ్మకు అది చదవాలా వద్దా అని నేను తటపటాయించాను. చదివాను. కానీ ఆ తర్వాత పిల్లలు ఏం చేశారో చూడండి. పాపుల కోసం ప్రార్థించారు. తమ మధ్యాహ్నం తిండి మూట విప్పి దారిలో పేద పిల్లలకు పెట్టారు. నాకు తేడా అక్కడ దొరికింది. నేను పంపిన వీడియో తలుపులు వేసుకోమంది. ఫాతిమా పిల్లలు ఉన్న మూట విప్పి ఇచ్చారు. నిజమైన హెచ్చరిక మనల్ని పక్కవాడి వైపు నడిపిస్తుంది, పక్కవాడిని బయట వదిలేసి గడియ పెట్టమనదు.

మరి మూడో రహస్యం? లూసియా 1944 జనవరిలో రాసిపెట్టిన ఆ భాగాన్ని వాటికన్ 2000 జూన్ 26న పూర్తిగా బయటపెట్టింది. అందులో మూడు రోజుల చీకటి లేదు, కొవ్వొత్తులు లేవు. తెల్లని వస్త్రాలు ధరించిన బిషప్ పాడుబడ్డ పట్టణం దాటి, కొండ మీది సిలువ దగ్గరికి నడుస్తాడు, అక్కడ హతుడవుతాడు. పశ్చాత్తాపపడమని దేవదూత కేక వేస్తాడు. దానికి అప్పటి కార్డినల్ రాట్జింగర్, తర్వాత 16వ బెనెడిక్టు పోపు గారు, వివరణ రాశారు. ఆయన భావం ఏమిటంటే, ఇది ముందే తీసిపెట్టిన సినిమా రీలు కాదు, మార్చుకోవడానికి మనకున్న స్వేచ్ఛను నిద్రలేపే పిలుపు. ఈ పత్రం పేరు "ద మెసేజ్ ఆఫ్ ఫాతిమా". వాటికన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ఇది నా ఐదో సిఫారసు. లూసియా జ్ఞాపకాల పక్కనే పెట్టుకుని చదవండి.

ఆరోది ఆఫ్రికా నుంచి. ఇమ్మాక్యులే ఇలిబగిజా రాసిన "అవర్ లేడీ ఆఫ్ కిబెహో". రచయిత్రి 1994 రువాండా మారణహోమంలో ఇంకో ఏడుగురు స్త్రీలతో ఒక చిన్న బాత్రూంలో 91 రోజులు దాక్కుని, జపమాల పట్టుకుని బతికింది. కిబెహోలో దర్శనాలు మొదలైంది 1981 నవంబర్ 28న, ఒక బడిలో. తర్వాత మాకూ కనిపించిందని చాలామంది ముందుకు వచ్చారు. 2001లో బిషప్ గారు ఆమోదించింది మాత్రం ముగ్గురు అమ్మాయిల సాక్ష్యాన్నే. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో కూడా శ్రీసభ అందరినీ ఒకే గాటన కట్టలేదు. ఈ రోజుల్లో మనం నేర్చుకోవాల్సింది అదే.

చివరగా, కొత్త పుస్తకమో వీడియోనో చేతికి వస్తే నేను అడిగే మూడు ప్రశ్నలు చెబుతాను, రాసుకోండి. ఒకటి, ఇది చూసినవాళ్ల మాటేనా, లేక ఎవరో చెప్పగా ఇంకెవరో విన్నదా? రెండు, ఆ ప్రాంతపు బిషప్ గారు ఏమన్నారు? అచ్చయింది కాబట్టి శ్రీసభ ఒప్పుకుందని అనుకోవద్దు. మూడు, చదివాక నేను దివ్యబలిపూజకు, పాపసంకీర్తనానికి, పక్కింటివాళ్లకు దగ్గరవుతున్నానా, లేక తేదీలు లెక్కపెడుతూ కూర్చుంటున్నానా? మూడిట్లో ఒక్కదానికి జవాబు సరిగా రాకపోయినా ఇంకొకరికి పంపను. ఇంగ్లీషు చదవడం కష్టమైతే మీ విచారణ ఫాదర్ గారినో, కాన్వెంటు సిస్టర్లనో అడగండి. నెలకొకసారి కూర్చుని ఒక్కో అధ్యాయం చెప్పించుకోండి.

ఆ పన్నెండు కొవ్వొత్తులు ఏమయ్యాయని అడుగుతారేమో. శుక్రవారం తమ్ముడికి సెలవు. ఆ రోజు సాయంత్రం అమ్మ ఒకటి ముట్టిచ్చి ఫోన్ ముందు పెడుతుంది. అవతల వాడు రూం బయట మెట్ల మీద కూర్చుని వీడియో కాల్‌లో మాతో జపమాల చెబుతాడు. తలుపు తెరిచే ఉంటుంది. ఇప్పటికి తొమ్మిది అయిపోయాయి, ఇంకా మూడున్నాయి.

వచ్చే ఎపిసోడ్‌లో జపమాల దివ్య రహస్యాల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు మరియమాత ప్రార్థన మనందరికీ తోడుగా ఉండాలి. యేసుకు స్తోత్రం.