శిశువైద్య శిక్షణలో తల్లిమాట: వైద్యవిద్యార్థి నేర్వవలసిన తెలుగు వ్యవహారం

వ్యాససంగ్రహం: శిశువైద్య విభాగంలో శిక్షణ పొందే విద్యార్థికి రోగలక్షణాల పరిజ్ఞానం ఎంత అవసరమో, ఆ లక్షణాలను తల్లి ఏ మాటలతో చెబుతుందో తెలియడమూ అంతే అవసరం. తెలుగునాట వ్యవహారంలో ఉన్న కొన్ని పదాలు, క్రియారూపాలు, ఆచారాల ఆధారంగా ఆ అవసరాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శిశువైద్యం, రోగచరిత్ర, మాండలికం, తల్లిమాట, వైద్యవిద్య.

1. ఉపోద్ఘాతం

పెద్దలు తమ బాధను తామే చెప్పుకొంటారు. చంటిబిడ్డకు ఆ వీలు లేదు. బిడ్డ బాధ తల్లి నోటనో, అమ్మమ్మ నోటనో వినవలసిందే. కాబట్టి శిశువైద్యంలో రోగచరిత్ర సేకరణ ప్రధానంగా భాషతో ముడిపడిన పని. 2019లో ఎం.బి.బి.ఎస్. కోర్సుకు సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక అమలులోకి వచ్చింది. వైఖరి, నైతికత, సంభాషణలకు అందులో ప్రత్యేక మాడ్యూలు ఉంది. అయితే విద్యార్థి లక్షణాల పట్టికను ఆంగ్లంలో కంఠస్థం చేస్తాడు. వార్డులో తల్లి తెలుగులో జవాబు చెబుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని దాటడం శిక్షణలో భాగం కావాలి.

2. గ్రంథపదం - వాడుకపదం

“శ్వాస తీసుకోవడంలో ఇబ్బంది ఉందా?” అని అడిగితే చాలామంది తల్లులు తడబడతారు. “డొక్కలు ఎగరేస్తున్నాడా? పిల్లికూతలు వినబడుతున్నాయా?” అంటే వెంటనే జవాబు వస్తుంది. మొదటిది శ్వాస తీసుకొనేటప్పుడు ఛాతీ కిందిభాగం లోపలికి పోవడాన్ని, రెండవది ఊపిరి వదిలేటప్పుడు వినవచ్చే సన్నని ఈలవంటి శబ్దాన్ని సూచిస్తాయి. అయితే బిడ్డ వేగంగా ఊపిరి తీస్తున్నా కొందరు ‘డొక్కలు ఎగరేయడం’ అనే అంటారు. అందువల్ల చొక్కా పైకి తీసి చూడాలి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండు నిమిషం పాటు శ్వాసలు లెక్కించాలి. రెండునెలల లోపు శిశువుకు నిమిషానికి 60, రెండునెలల నుండి ఏడాదిలోపు 50, ఏడాది నుండి ఐదేళ్ళలోపు 40, లేదా అంతకు మించి ఉంటే అది వేగశ్వాస. తల్లిమాట దారి చూపుతుంది, లెక్క నిర్ధారిస్తుంది.

ప్రాంతాన్నిబట్టి పదం మారుతుంది. జలుబు, పడిశం, రొంప, సర్ది ఒకే బాధకు పేర్లు. ఒకచోట ‘ఆయాసం’ అన్నది తెలంగాణలో ‘దమ్ము’గా, ‘జ్వరం’ ‘జరం’గా వినబడుతుంది. శ్రీకాకుళం నుండి ఆదిలాబాదు వెళ్ళిన విద్యార్థి తెలుగువాడే అయినా అక్కడి తెలుగును మళ్ళీ నేర్చుకోక తప్పదు.

3. ‘తాగడం లేదు’ - ‘తాగలేకపోతున్నాడు’

నవజాత, బాల్యవ్యాధుల సమగ్ర నిర్వహణ విధానం రెండునెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లలలో నాలుగు సాధారణ ప్రమాదచిహ్నాలను పేర్కొంటుంది: పాలుగాని ద్రవాలుగాని తాగలేకపోవడం, తీసుకొన్నదంతా కక్కేయడం, మూర్ఛ, మగతగా లేదా స్పృహ లేకుండా ఉండటం. వీటిలో మొదటిదాన్ని పసిగట్టడానికి తెలుగు వ్యాకరణం తోడ్పడుతుంది. ‘తాగడం లేదు’ అన్నది కేవల వ్యతిరేకార్థం. ఇష్టం లేక మానినా, శక్తి లేక మానినా అదే మాట. ‘తాగలేకపోతున్నాడు’ అన్నది అశక్తిని చెబుతుంది. తల్లి ఎక్కువగా వాడేది మొదటి రూపమే. “అసలు నోట పట్టడం లేదా, పట్టి వదిలేస్తున్నాడా, మునుపటికన్నా తక్కువ తాగుతున్నాడా?” అని విడదీసి అడిగి, ఎదుటే పాలు పట్టించి చూడాలి. ఈ ఒక్క ప్రశ్న దగ్గర పొరబడితే, వెంటనే ఆసుపత్రిలో చేర్చవలసిన బిడ్డ మందుసీసాతో ఇల్లు చేరవచ్చు.

4. నమ్మకాన్ని మోసే పదాలు

‘అమ్మవారు పోసింది’ అన్న మాటలో వ్యాధినామం లేదు. అది తట్టు కావచ్చు, ఆటలమ్మ కావచ్చు. జ్వరం, దగ్గు, ఎర్రబడిన కళ్ళతో మొదలై, ముఖం నుండి కిందికి దిగే దద్దురైతే తట్టును అనుమానించాలి. నీటిపొక్కులు విడతలు విడతలుగా లేస్తే ఆటలమ్మను. తట్టు సోకిన బిడ్డకు విటమిన్-ఎ ఇవ్వాలి. న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది కనుక కనిపెట్టి ఉండాలి. ఆ మాటను ఎగతాళి చేసిన విద్యార్థికి తల్లి తర్వాతి వివరాలు చెప్పదు. ‘పళ్ళొచ్చే విరేచనాలు’ అన్న మాట మరో రకం ప్రమాదం. కారణం తెలిసిపోయిందన్న ధీమాతో ఓ.ఆర్.ఎస్. పట్టడం ఆలస్యమవుతుంది. అప్పుడు కళ్ళు లోపలికి పోయాయా, మాడు గుంటపడిందా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి పోతున్నదా అన్నవి చూడాలి.

5. బొబ్బట్లు, అరిసెలు: ఎదుగుదల కొలమానాలు

“ఎన్నో నెలలో బోర్లా పడ్డాడు?” అంటే తల్లికి నెల గుర్తుండకపోవచ్చు. తెలుగునాట పలుచోట్ల బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచే ఆచారం ఉంది. “బొబ్బట్లు ఏ పండుగ దగ్గర పంచారు?” అని అడిగితే కాలం తేలుతుంది. శ్రావణంలో పుట్టిన బిడ్డకు సంక్రాంతికి పంచారంటే బోర్లా పడింది సుమారు ఐదునెలలకని గ్రహించవచ్చు. ఇంట్లో మైల వంటి కారణంతో వేడుక వాయిదా పడిందేమో కూడా అడగాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఆ తక్కువైన వారాలను లెక్కలో సవరించాలి. పద్దెనిమిది నెలలు నిండినా అడుగు పడలేదంటే వివరమైన పరీక్ష అవసరం.

6. తిరిగి చెప్పే భాష

వినడంతోపాటు చెప్పడమూ శిక్షణే. శిశువైద్యంలో మోతాదు బరువునుబట్టి ఉంటుంది. పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. పదికిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములంటే, 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ 6 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే చుక్కలమందును అంతే పరిమాణంలో పోస్తే మోతాదు నాలుగింతలవుతుంది. ‘జ్వరం మందు ఒక చెంచా’ అన్న మాటలో ఏ మందో లేదు, ఏ చెంచానో లేదు. కొలత మూతమీద గీత చూపించి, “ఇంటికెళ్ళాక ఎలా పోస్తావో చెప్పమ్మా” అని తల్లిచేత తిరిగి చెప్పించడం అలవాటు కావాలి.

7. ముగింపు

శిశువైద్య శిక్షణలో విద్యార్థి మొదట తల్లి చెప్పిన వాక్యాన్ని యథాతథంగా తెలుగు లిపిలో రాసుకొని, ఆపైన శాస్త్రపదాన్ని నిర్ణయించాలి. శాస్త్రపదం తప్పని తేలినప్పుడు మళ్ళీ ఆలోచించడానికి మిగిలేది ఆ వాక్యమే. ఇలా పోగైన మాటలతో వైద్యకళాశాలలు, తెలుగుశాఖలు కలసి జిల్లాలవారీ శిశురోగ పదకోశాలు రూపొందించవచ్చు. మాండలిక పరిశోధనకు అది విలువైన సామగ్రి అవుతుంది. రాత్రివేళ వార్డులో ఒంటరిగా నిలబడిన శిక్షణార్థికి వెంటనే పనికివచ్చే సాధనమూ అవుతుంది.