మోకాలికి తగిన సైకిలు

పల్నాటి గ్రామములలో హైస్కూలుకు సైకిళ్లపై వచ్చు బాలబాలికలను గమనించినచో ఒక విచిత్రము కానవచ్చును. సైకిళ్లు రెండుమూడు రకములే. వాటిని త్రొక్కు కాళ్లు మాత్రము నూరు రకములు. తండ్రి సైకిలు కూతునకు, అన్న సైకిలు తమ్మునకు వచ్చుచుండును. చెప్పులు కొనునప్పుడు పాదము కొలుచుకొందురు గాని సైకిలునకు కాలు కొలుచుకొనువారు అరుదు. కొన్నాళ్లకు మోకాలి చిప్ప వద్ద నొప్పి బయలుదేరును. నింద రెంటచింతల ఎండమీదనో, గతుకుల బాటమీదనో పడును.

చిన్న లెక్క చూడుడు. సాధారణ సైకిలునకు పెడలు వద్ద 44 పండ్లు, వెనుక 18 పండ్లు ఉన్నవనుకొందము. 28 అంగుళముల చక్రమైనచో పెడలు ఒకసారి తిరుగగా బండి సుమారు 5.4 మీటర్లు సాగును. బడి 5 కిలోమీటర్ల దూరములో నున్నచో రాకపోకలకు ప్రతి మోకాలును దినమునకు 1,850 సార్లు వంగవలెను. ఒక్క వంపులోని చిన్న దోషము ఇన్నిసార్లు గుణింపబడును.

దోషము ఎక్కువగా సీటు ఎత్తులో ఉండును. రెండు పాదములు నేలనానునట్లు సీటు దింపించుట మన అలవాటు. నేర్చుకొనువారికి అది క్షేమమే. కాని అట్లు కూర్చున్న పిల్ల త్రొక్కునప్పుడు మోకాలు ఎన్నడును సరిగా చాగదు. బావి గిలకను తలచుకొనుడు: తాడు తిన్నగా సాగినచో గిలకపై ఒత్తిడి ఉండదు, మడత హెచ్చినకొలది ఒత్తిడి హెచ్చును. తొడ కండరపు స్నాయువు తాడు వంటిది, మోకాలి చిప్ప ఆ మడతలో నలుగునట్టిది. సీటు మరీ ఎత్తైనను కీడే. పెడలు అందక నడుము అటునిటు ఊగును, మోకాలి వెనుక నరము లాగినట్లుండును.

తగిన ఎత్తెంత? 1967లో హామ్లే, థామస్ అను శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేసి, క్రిందికి దిగిన పెడలు ఇరుసు నుండి సీటు పైభాగము వరకు గల దూరము కాలి లోపలి పొడవులో 109 శాతముండుట మేలని సూచించిరి. ఈ కొలతకు గోడ, పుస్తకము, టేపు చాలును. చెప్పులు విడిచి గోడకానుకొని నిలిచి, అట్టపుస్తకమును కాళ్ల నడుమ పైకి గట్టిగా ఆనించి, దాని పై అంచు నుండి నేల వరకు కొలువవలెను. అది 70 సెంటీమీటర్లైనచో సీటు 76.3 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. అప్పుడు పెడలు క్రిందికి దిగినపుడు మోకాలు 25 నుండి 35 డిగ్రీలు మాత్రమే వంగియుండును.

ఇక్కడనే చిక్కు వచ్చును. పెద్దలు వాడు 22 అంగుళముల ఫ్రేము 56 సెంటీమీటర్లు. దానికి పెడలు కడ్డీ, సీటు మందము కలిపినచో, సీటు పూర్తిగా దింపినను 80 సెంటీమీటర్లు దాటును. ఆ పిల్లకు ఆ బండి ఏ పానాతోను కుదరదు. 18 అంగుళముల పాటి ఫ్రేము కావలెను. బాలురు కడ్డీ క్రిందుగా కాలు దూర్చి వంకరగా త్రొక్కుట అల్లరి కాదు, ఈ కొలతల ఫలితమే.

పందెపు సైకిళ్లవారికై ఈ అమరికను వృత్తిగా చేయు నిపుణులు హైదరాబాదు వంటి నగరములలో ఉన్నారు. కీళ్లపై గుర్తులంటించి, త్రొక్కుచుండగా కెమేరాతో చిత్రించి, కోణములు చూచి సీటు, హ్యాండిలు, పెడలు సర్దుదురు. ఖర్చు వేలలో ఉండును. బడిపిల్లలకు అంత సూక్ష్మము అక్కరలేదు. సీటు కుదిరిన పిదప హ్యాండిలు మోచేతులు కొంచెము వంగియుండునంత దగ్గరగా ఉన్నచో చాలును.

సీటును ఒక్కసారిగా ఎత్తక, వారమునకు ఒక సెంటీమీటరు చొప్పున ఎత్తుట మంచిది. సీటు కడ్డీపై చెక్కిన హద్దుగీత బయటికి కనబడరాదు. కనబడినచో కడ్డీ విరుగు ప్రమాదమున్నది. సున్నపు లారీలు తిరుగు పిడుగురాళ్ల వంటి చోట్ల, ఆగునపుడు సీటుపైనుండి జారి ఒక కాలు నేలనూనుట అలవడువరకు కొంత తగ్గించియే ఉంచవలెను.