వీడియో గేమ్ పెట్టె: పుట్టుక, జబ్బులు, మరమ్మతు

జపాన్‌లోని నింటెండో సంస్థ కోసం మసయుకి ఉయెమురా అనే ఇంజనీరు నాయకత్వంలో తయారై, 1983 జులై 15న మార్కెట్టులోకి వచ్చిన ఫ్యామికామ్, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకుని ఆడే ఆటయంత్రం. 1985లో అమెరికా చేరేసరికి దాని పేరూ రూపమూ మారాయి. మన దేశంలో సమురాయ్ పేరుతో అమ్ముడైనది ఆ వంశపు యంత్రమే. అయితే 1990లలో మన పట్టణాల ఇళ్లలోకి ప్రధానంగా చేరినవి లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో వచ్చిన చవక నకళ్లు. ఇప్పుడు గుంటూరు, ఒంగోలు ఇళ్ల అటకల మీద నుంచి దింపే పెట్టె కూడా చాలావరకు ఇలాంటి నకలే అయి ఉంటుంది.

ఈ పెట్టెలో సెకనుకు సుమారు 18 లక్షల లయలతో నడిచే 8 బిట్ల ప్రాసెసరు ఒకటి, తెర మీద బొమ్మను కూర్చే చిత్ర చిప్పు మరొకటి, ఒక్కో దానికి 2 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉంటాయి. తిరిగే భాగమంటూ ఏదీ లేనందువల్ల, తప్పుడు కరెంటు తగలనంతకాలం ఈ చిప్పులు దశాబ్దాలు నిలుస్తాయి. ఎక్కువగా చెడేవి అతుకులు, అంటే లోహానికి లోహం ఆనే ప్రతి చోటూ, టంకం పట్టు వదిలే ప్రతి చుక్కా. కాబట్టి మరమ్మతు ఎప్పుడూ బయటి నుంచి లోపలికి సాగాలి. తెరిచీ తెరవగానే చిప్పు మీద అనుమానపడేవారు సాధారణంగా రోజంతా వృథా చేసుకుంటారు.

మొదట చూడవలసింది కరెంటు. అడాప్టరు ఇచ్చే 9 వోల్టులను 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు నిలకడైన 5 వోల్టులుగా మారుస్తుంది, కానీ ఆ పని చేయడానికి దానికి కనీసం 7 వోల్టులైనా అందాలి. మిరప, పత్తి చేలలో త్రీఫేజ్ కరెంటు వచ్చి మోటార్లన్నీ ఒకేసారి అందుకున్నప్పుడు, ఊరి లైనులో 230 ఉండవలసిన వోల్టేజి 170కి జారితే, ట్రాన్స్‌ఫార్మరున్న పాతరకం అడాప్టరు ఇచ్చే 9 వోల్టులు కూడా అదే నిష్పత్తిలో 6.65కు పడిపోతాయి; అప్పుడు ఆట మధ్యలో స్తంభించడమో, తెర మీద పిచ్చి అక్షరాలు రావడమో, యంత్రం తనంతట తానే మళ్లీ మొదలవడమో జరుగుతుంది. ఇది పెట్టె జబ్బు కాదని తెలుసుకోవడానికి మల్టీమీటరుతో రెగ్యులేటరు ముందూ వెనుకా కొలిస్తే చాలు. పోయిన అడాప్టరుకు బదులు కొత్తది కొనేటప్పుడు వోల్టులతోపాటు ధ్రువాలనూ చూడాలి, ఎందుకంటే అసలు ఫ్యామికామ్ ప్లగ్గు నడిమి భాగం మైనస్, నేటి అడాప్టర్లలో అది సాధారణంగా ప్లస్. తిరగేసి పెడితే చిప్పులకు నిజంగానే చావు రావచ్చు.

రెగ్యులేటరు మిగులు వోల్టేజిని వేడిగా వదులుతుంది కనుక దాని పక్కనున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అంటే ద్రవ రసాయనం నింపిన చిన్న డబ్బాలు, లోపలి ద్రవం ఆరి బలహీనపడతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క ఉంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వైపు ఈ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు. పై మూత ఉబ్బినా, టీవీలో గుర్రుమనే చప్పుడూ అడ్డగీతలూ వచ్చినా, వోల్టేజి తగ్గని అదే విలువ కెపాసిటరును ధ్రువాలు తప్పకుండా టంకం వేస్తే సరిపోతుంది.

తరువాతి అతుకు ఆట క్యాసెట్టుది. ఫ్యామికామ్ క్యాసెట్టు అంచున 60 రాగి పట్టీలుంటాయి; వాటిలో ఒక్కటి సరిగా ఆనకపోయినా ప్రాసెసరు తప్పు చిరునామా చదవవచ్చు, తెర రంగు పులుముకుని ఉండిపోవచ్చు. అమెరికా యంత్రంలో నకలు క్యాసెట్లను అడ్డుకునే తాళపు చిప్పు ఉండటంవల్ల ఇదే లోపానికి తెర సెకనుకొకసారి మిణుకుతుంది, మన నకళ్లలో ఆ చిప్పు లేదు. క్యాసెట్టును నోటితో ఊది పెట్టడం ఒక తరం పిల్లలందరూ నమ్మిన వైద్యం. నిజానికి క్యాసెట్టును తీసి మళ్లీ గుచ్చినప్పుడు కలిగే రాపిడే అక్కడ పనిచేస్తుంది, ఊపిరిలోని తేమ మాత్రం పట్టీలకు చిలుము పట్టిస్తుంది, చీరాల, బాపట్ల వంటి తీరప్రాంతపు ఉప్పుగాలి దానికి తోడవుతుంది. జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి నూగు, కల్లాల దగ్గర మిరప ధూళి స్లాటు లోపలికి చేరినప్పుడు పొడి కుంచెతో దులిపి, పట్టీలను ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో తడిపిన దూదిపుల్లతో నల్లమరక రావడం ఆగేదాకా తుడిచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. గరుకు కాగితంతో రుద్దితే పూత పోయి తుప్పు ఇంకా త్వరగా వస్తుంది.

ఇక ఆడేవారి చేతిలోని రిమోట్‌లో బటన్ కింద రబ్బరుకు అంటిన కార్బన్ బిళ్ల బోర్డు మీది రెండు గీతలను కలుపుతుంది. ఎనిమిది బటన్ల స్థితినీ 4021 రకం చిప్పు ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో పంపుతుంది కనుక యంత్రానికి ఐదు తీగలు చాలు. రోగనిర్ణయానికి దారి ఇక్కడే ఉంది: ఒక్క బటనే పలకకపోతే కార్బన్‌ను తుడవాలి, ఎనిమిదీ ఒకేసారి మూగబోతే, తీగ మెలిక పడే చోట తెగిందేమో మల్టీమీటరుతో చూడాలి.

అన్ని అతుకులూ బాగున్నా బొమ్మ రాకపోతే బోర్డు వైపు చూడాలి. పాత నకళ్లలో తైవాన్ సంస్థ యూఎంసీ చేసిన 6527, 6538 వంటి చిప్పులు కాళ్లతో విడిగా కనిపిస్తాయి కాబట్టి మార్చవచ్చు. తరువాతి కాలపువాటిలో యంత్రమంతా ఒకే చిప్పులో ఇమిడి, నల్లటి రెసిన్ బొట్టు కింద కప్పబడి ఉంటుంది. దాన్ని గీకి చూడటం వల్ల ప్రయోజనం లేదు, తీగలు వెంట్రుకకన్నా సన్నగా ఉండి బొట్టుతోపాటే తెగిపోతాయి. చవక చేయడం కోసం తయారీదారులు మరమ్మతును కూడా బొట్టు కింద పూడ్చేశారనాలి.

ఆటలో బాతులను కాల్చే తుపాకీ ఒక్కటే పనిచేయకపోతే దాన్ని విప్పేముందు టీవీ ఎలాంటిదో చూడాలి. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్ల చతురస్రం వెలుగుతుంది, తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది. ఆ గ్రాహకం పిక్చర్ ట్యూబు సెకనుకు సుమారు 15 వేలసార్లు గీసే గీతల మినుకుకు శ్రుతి చేసి ఉన్నందున, నేటి ఎల్‌సీడీ తెర నిలకడ వెలుతురు దానికి అసలు కనబడదు. అలాంటప్పుడు తుపాకీని వదిలేసి, పనిచేసే పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి వెతుక్కోవాలి.