ఇంజనుకు చల్లని గాలి, బానెట్టు కింది వేడికి బయటి దారి

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• చల్లని గాలి అందితే ఇంజను శక్తి ఎందుకు పెరుగుతుందో లెక్కవేసి చెప్పగలుగుతారు.
• ఎయిర్ ఫిల్టరుకు గాలి ఎక్కడినుంచి తీసుకోవాలో, ఎక్కడినుంచి తీసుకోకూడదో వివరించగలుగుతారు.
• బానెట్టు కింద వేడిగాలి ఎందుకు నిలిచిపోతుందో, దాన్ని ఎలా బయటికి పంపాలో తెలుసుకుంటారు.
• గాలి పీడనంలో తేడాను తక్కువ ఖర్చుతో మీరే కొలవగలుగుతారు.

1. ప్రవేశిక

కార్ల విడిభాగాల దుకాణాల్లో గరాటు ఆకారంలో, మెరిసే మూతతో ఉండే ఎయిర్ ఫిల్టర్లను మీరు చూసే ఉంటారు. "ఇది బిగిస్తే బండి లాగుడు పెరుగుతుంది" అని అమ్మేవారు చెబుతారు. ఆ మాట నమ్మిన కుర్రకారు, కంపెనీ అమర్చిన నల్లని ప్లాస్టిక్ పెట్టెను తీసేసి, ఈ ఫిల్టరును ఇంజను పక్కనే బిగించుకుంటారు. యాక్సిలరేటరు తొక్కగానే గుర్రుమనే శబ్దం వస్తుంది. శబ్దం పెరిగింది కాబట్టి శక్తి కూడా పెరిగిందనుకుంటారు.

చాలాసార్లు జరిగేది దీనికి వ్యతిరేకం. ఖర్చుపెట్టిన తరవాత ఇంజను శక్తి తగ్గుతుంది. దానికి కారణం తెలియాలంటే మొదట గాలి బరువు గురించి తెలుసుకోవాలి.

2. వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. ఇక్కడ మనం గాలిని లీటర్లలో కాక గ్రాముల్లో చెప్పామని గమనించండి. సిలిండరు గాలిని ఘనపరిమాణం ప్రకారం పీలుస్తుంది. మంట మాత్రం గాలి ద్రవ్యరాశిపై ఆధారపడుతుంది. ఈ తేడా అర్థమైతే పాఠంలో సగం అర్థమైనట్లే.

ఒక ఉదాహరణ చూద్దాం. 1994లో వచ్చిన మారుతి ఎస్టీమ్ కారు మన దేశంలో రేసుల్లోనూ, ర్యాలీల్లోనూ విరివిగా వాడిన కార్లలో ఒకటి. దాని ఇంజను 1298 సి.సి., అంటే దాదాపు 1.3 లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన పూర్తి ఘనపరిమాణమంత గాలి పీలుస్తుంది. కాబట్టి నిమిషానికి 6000 చుట్ల వద్ద, సిలిండర్లు పూర్తిగా నిండుతాయనుకుంటే, అది నిమిషానికి సుమారు 3,900 లీటర్లు, అంటే సెకనుకు 65 లీటర్ల గాలి పీలుస్తుంది.

పీడనం మారనప్పుడు గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది. సెంటీగ్రేడు అంకెకు 273 కలిపితే పరమ ఉష్ణోగ్రత వస్తుంది. ఎండాకాలంలో బయట 40 డిగ్రీలు, మెల్లగా కదిలే ట్రాఫిక్కులో బానెట్టు కింద 70 డిగ్రీలు ఉన్నాయనుకుందాం.

బయటి గాలి: 40 + 273 = 313 కెల్విన్. సాంద్రత సుమారు 1.13 గ్రా./లీ. సెకనుకు అందే గాలి సుమారు 73 గ్రాములు.
బానెట్టు కింది గాలి: 70 + 273 = 343 కెల్విన్. సాంద్రత సుమారు 1.03 గ్రా./లీ. సెకనుకు అందే గాలి సుమారు 67 గ్రాములు.

ఇంజను అదే, చుట్లు అవే. కానీ అందిన గాలి దాదాపు 9 శాతం తగ్గింది. అయితే శక్తి కూడా సరిగ్గా 9 శాతం తగ్గుతుందని అనుకోకూడదు. చల్లగాలి కూడా లోపలికి వెళ్ళే దారిలో మానిఫోల్డు గోడలు తగిలి కొంత వేడెక్కుతుంది. అందువల్ల నష్టం 5 నుంచి 9 శాతం మధ్య ఉంటుందని అంచనా వేసుకోవచ్చు. దీనికి తోడు, వేడిగాలి వల్ల ఇంజనులో నాకింగ్ వచ్చే అవకాశం పెరుగుతుంది. దాన్ని ఆపడానికి ఎలక్ట్రానిక్ కంట్రోలు ఉన్న ఇంజన్లు ఇగ్నిషన్‌ను ఆలస్యం చేస్తాయి. అప్పుడు శక్తి ఇంకొంత తగ్గుతుంది.

గుర్తుంచుకోండి: ఈ తేడా యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడే తెలుస్తుంది. మామూలుగా నడిపేటప్పుడు థ్రాటిల్ సగం మూసే ఉంటుంది. గాలి కొంచెం పలచబడితే డ్రైవరు తనకు తెలియకుండానే మరికొంచెం తొక్కుతాడు. అందుకే చల్లగాలి గొట్టం పెడితే రోజూ మైలేజీ పెరుగుతుందన్న మాటకు ఆధారం లేదు.

పాఠంలోని ప్రశ్న 1: బయట 30 డిగ్రీలు, ఫిల్టరు దగ్గర 60 డిగ్రీలు ఉంటే ఇంజనుకు అందే గాలి ఎంత శాతం తగ్గుతుంది?

3. గాలి ఎక్కడినుంచి తీసుకోవాలి?

బానెట్టు కింద వేడి పుట్టే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి ఎగ్జాస్ట్ మానిఫోల్డు. ఇంజను గట్టిగా పనిచేసేటప్పుడు ఇది కొన్ని వందల డిగ్రీలకు చేరుతుంది. రెండోది రేడియేటరు. దానిలోని నీరు సుమారు 90 డిగ్రీల వద్ద ఉంటుంది. రేడియేటరు గుండా వచ్చిన గాలి ఆ వేడిని మోసుకొని నేరుగా ఇంజను మీదికి వస్తుంది. ఇంజను పక్కన బిగించిన ఫిల్టరు పీల్చేది ఈ గాలినే.

కాబట్టి గాలిని రేడియేటరుకు ముందునుంచి గాని, హెడ్‌లైటు పక్క సందునుంచి గాని, మడ్‌గార్డు లోపలినుంచి గాని తేవాలి. చాలా కంపెనీ కార్లలో ఈ ఏర్పాటు ముందే ఉంటుంది. నల్లని పెట్టెనుంచి ఒక గొట్టం గ్రిల్లు వైపో, మడ్‌గార్డు వైపో వెళ్తుంది. పాత కార్లు షెడ్డుకు వచ్చినప్పుడు మొదట చూడవలసింది ఈ గొట్టాన్నే. ఎప్పుడో ఏదో రిపేరులో దాన్ని తీసి, తిరిగి పెట్టకుండా వదిలేసిన బండ్లు ఎన్నో ఉంటాయి. పగిలిన గొట్టాన్ని మార్చడం, పోయినదాన్ని మళ్ళీ అమర్చడం అన్నిటికంటే చవకైన "చల్లగాలి కిట్".

గొట్టాన్ని ముందుకు తిప్పితే కారు వేగానికి గాలి దానంతట అదే ఇంజనులోకి దూసుకుపోతుందని కొందరు నమ్ముతారు. దీన్నీ లెక్కవేద్దాం. 40 డిగ్రీల గాలిలో గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్ళే కారు ముందు ఏర్పడే అదనపు పీడనం సుమారు 435 పాస్కల్‌లు. వాతావరణ పీడనం సుమారు 1,01,300 పాస్కల్‌లు. అంటే లాభం అర శాతం కూడా లేదు. గొట్టం వల్ల కలిగే అసలు మేలు గాలి చల్లగా రావడమే.

నీటి ప్రమాదం: ఇంకా చల్లని గాలి కోసం కొందరు ఫిల్టరును బంపరు కిందికి దించుతారు. వర్షాకాలంలో ఇది ఇంజనుకే ముప్పు. మన ఉదాహరణలో ఒక్కో సిలిండరు సుమారు 325 సి.సి. సంపీడన నిష్పత్తి 9 అనుకుంటే, పిస్టను పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 325 ÷ 8, అంటే 40 సి.సి. పైచిలుకు. ఇది చిన్న టీ గ్లాసులో సగం. ఒక సిలిండరులోకి అంతకు మించి నీరు చేరితే పిస్టనుకు పైకి వచ్చే దారి ఉండదు, ఎందుకంటే నీరు గాలిలాగా నలగదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్ళు నిలిచిన రోడ్డుమీద బండి ఆగిపోతే మళ్ళీ మళ్ళీ స్టార్టు చేయవద్దని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

పాఠంలోని ప్రశ్న 2: ఫిల్టరును బంపరు కిందికి దించితే లాభం ఏమిటి? ప్రమాదం ఏమిటి?

4. వేడిగాలికి బయటి దారి

వీధి గుమ్మం ఎంత పెద్దదైనా పెరటి గుమ్మం మూసి ఉంటే ఇంట్లోకి గాలి ఆడదు. కారు బానెట్టు కిందా ఇంతే. గ్రిల్లునుంచి వచ్చిన గాలి బయటికి పోలేకపోతే లోపల పీడనం పెరుగుతుంది. అప్పుడు రేడియేటరు గుండా కొత్త గాలి రావడం తగ్గుతుంది. ఇంజను వేడెక్కుతుంటే చాలామంది గ్రిల్లును ఇంకా తెరుస్తారు, పెద్ద రేడియేటరు వేస్తారు. చాలా సందర్భాల్లో ముందు తెరవవలసింది బయటి దారి.

గాలి ఎప్పుడూ ఎక్కువ పీడనంనుంచి తక్కువ పీడనానికి పోతుంది. కదిలే కారు మీద ఈ పీడనం అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

(అ) కారు ముక్కు దాటగానే, బానెట్టు ముందు భాగం మీద గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. వేడిగాలి బయటికి పోవడానికి ఇది అనువైన చోటు.
(ఆ) ముందు అద్దం మొదట్లో గాలి అడ్డుతగిలి నెమ్మదిస్తుంది, పీడనం పెరుగుతుంది. ఇక్కడ బయటి దారి పనిచేయదు.

బానెట్టు వెనక అంచు కింద వాషర్లు పెట్టి కొంచెం పైకి లేపడం ఒక అలవాటు. బండి ఆగి ఉన్నప్పుడు ఆ సందులోనుంచి వేడి పైకి పోతుంది, అది నిజమే. కాని వేగంగా వెళ్ళేటప్పుడు అద్దం మొదట్లో ఉండే ఎక్కువ పీడనం వల్ల గాలి ఆ సందులోనుంచి లోపలికి వస్తుంది. అప్పుడు రేడియేటరు వెనక పీడనం పెరిగి, చల్లబరచడం మందగిస్తుంది. మేలు చేయాలనుకున్న మార్పే కీడు చేస్తుంది.

ఈ ఎక్కువ పీడనాన్ని ఫిల్టరుకు గాలి అందించడానికి మాత్రం వాడుకోవచ్చు. అమెరికాలో షెవ్రొలే కంపెనీ 1970 నాటి షెవెల్ ఎస్.ఎస్. కార్లలో బానెట్టు మీద, అద్దం వైపు తెరుచుకునే ఒక తలుపును అమర్చింది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు ఆ తలుపు తెరుచుకొని అద్దం మొదట్లోని గాలిని ఇంజనుకు అందించేది. ఒకే చోటు, గాలి బయటికి పోవడానికి పనికిరాదు, లోపలికి రావడానికి పనికివస్తుంది.

ఇంజను వెనక ఉండే కార్లలోనూ సూత్రం ఇదే. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40లో ఇంజను మీది పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పుకు వరసగా చీలికలు పెట్టారు. వేడి ఆ చీలికల్లోనుంచి బయటికి పోతుంది.

టర్బో ఉన్న కార్లు: టర్బో గాలిని నొక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. 40 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే, లెక్క ప్రకారమే అది సుమారు 108 డిగ్రీలకు చేరుతుంది. నిజమైన టర్బోలో ఇంకా ఎక్కువ. దాన్ని చల్లబరిచేదే ఇంటర్‌కూలరు. సుబారు ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్. బానెట్టు మీద కనిపించే గాలితొట్టి ఫిల్టరు కోసం కాదు, కింద ఉన్న ఇంటర్‌కూలరు కోసం. దాన్ని చూసి టర్బో లేని కారుకు ఉత్త ప్లాస్టిక్ తొట్టి అంటించుకుంటే అలంకారమే తప్ప ప్రయోజనం లేదు.

5. చేసి చూడండి

కావలసినవి: తాపీమేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, రంగు కలిపిన నీరు, స్కేలు, అంటుకునే టేపు.

గొట్టం మధ్య భాగాన్ని "యు" ఆకారంలో వంచి అట్టకు కట్టి, కారు లోపల నిలువుగా పెట్టండి. అందులో సగానికి నీరు పోయండి. ఒక కొసను బానెట్టు మీద, రంధ్రం పెట్టాలనుకున్న చోట టేపుతో అంటించండి. కొస గాలికి ఎదురుగా కాక పక్కకు తిరిగి ఉండాలి. రెండో కొసను బానెట్టు కింద, ఫ్యానుకూ కదిలే భాగాలకూ వేడి భాగాలకూ దూరంగా కట్టండి. ఖాళీ రోడ్డుమీద స్థిరమైన వేగంతో నడపండి. నీటిమట్టం చూడవలసింది పక్కన కూర్చున్నవారే, డ్రైవరు కాదు.

పై కొస వైపు నీరు పైకి లేస్తే అక్కడ పీడనం తక్కువ అని అర్థం. ఆ చోట రంధ్రం పెడితే వేడిగాలి బయటికి పోతుంది. కిందికి దిగితే ఆ చోటు వదిలేయండి. మట్టంలో ప్రతి 1 మి.మీ. తేడా సుమారు 9.8 పాస్కల్‌లకు సమానం. అలాగే ఫిల్టరు మూతి దగ్గర ఒక ఎలక్ట్రానిక్ థర్మామీటరు తీగ కట్టి, ఆగినప్పుడు, కదిలేటప్పుడు ఉష్ణోగ్రతలు రాసుకోండి. మార్పు చేయకముందూ, చేసిన తరవాతా ఒకే వేళలో కొలవండి. కొలవని మార్పు నమ్మకమే అవుతుంది గాని ఫలితం కాదు.

6. జాగ్రత్తలు

• ముందు ఖర్చులేని పనులు చేయండి: ఫిల్టరు శుభ్రం చేయడం, గొట్టాల అతుకులు చూడడం, రేడియేటరు ఫిన్ల మధ్య మట్టి తీయడం, ఎగ్జాస్ట్ మానిఫోల్డు మీద ఊడిపోయిన వేడి కవచాన్ని తిరిగి బిగించడం.
• రేడియేటరు చుట్టూ ఉన్న సందులను రబ్బరుతోనో రేకుతోనో మూయండి. లేకపోతే గాలి రేడియేటరు గుండా పోకుండా పక్కనుంచి జారిపోతుంది.
• 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. కాబట్టి బానెట్టు కోయడం వంటి పనులు ట్రాకు మీద మాత్రమే నడిచే కార్లకే పరిమితం చేయండి.

7. సారాంశం

ఇంజను శక్తి దానికి అందే గాలి బరువుపై ఆధారపడుతుంది. గాలి వేడెక్కితే తేలికవుతుంది, శక్తి తగ్గుతుంది. అందువల్ల ఫిల్టరు రకం కంటే అది గాలి పీల్చే చోటు ముఖ్యం. బానెట్టు కింద చల్లగా ఉండాలంటే గాలి లోపలికి వచ్చే దారితోపాటు బయటికి పోయే దారీ ఉండాలి. అది పీడనం తక్కువగా ఉన్న చోట ఉండాలి.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

ప్రశ్న 3: బానెట్టు వెనక అంచును లేపితే ఆగి ఉన్నప్పుడు, వేగంగా వెళ్ళేటప్పుడు ఫలితాలు ఎందుకు వేరుగా ఉంటాయి?
ప్రశ్న 4: మీకు తెలిసిన ఒక కారులో ఫిల్టరు గాలి ఎక్కడినుంచి పీలుస్తుందో చూసి, బొమ్మ గీయండి.

సమాధానాలు

1. 303 ÷ 333 = 0.91. దాదాపు 9 శాతం తగ్గుతుంది.
2. చల్లని గాలి అందుతుంది. కాని నీటిని పీల్చి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.
3. ఆగి ఉన్నప్పుడు వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది. వేగంగా వెళ్ళేటప్పుడు అద్దం మొదట్లో పీడనం ఎక్కువ కాబట్టి గాలి లోపలికి వస్తుంది.
4. బొమ్మలో గొట్టం మూతి, రేడియేటరు, ఎగ్జాస్ట్ మానిఫోల్డు మూడూ కనిపించాలి. మూతి రేడియేటరుకు వెనక ఉంటే కారణం వెతకండి. గొట్టం ఊడిపోయి ఉండవచ్చు.